క్రస్టేషియన్లు: జీవ లక్షణాలు, వైవిధ్యం, ప్రాధాన్యం

రొయ్య, పీత, లాబ్‌స్టర్ వంటి జీవులను శాస్త్రజ్ఞులు క్రస్టేషియన్లుగా వర్గీకరించారు. కీటకాలు, సాలెపురుగుల వలె ఇవి కూడా కీళ్ళు గల కాళ్ళ జీవుల సముదాయమైన ఆర్థ్రోపోడాకు చెందినవి. ప్రపంచవ్యాప్తంగా ఇప్పటివరకు 65 వేలకు పైగా జాతులను గుర్తించారు. భారతదేశ మత్స్య ఎగుమతుల విలువలో ప్రథమ స్థానం రొయ్యలదే కాగా, సాగు రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్ నుండి లభిస్తున్నది. ఈ రంగంలో అమలులో ఉన్న పలు నిబంధనలకు మూలం ఆ జీవుల దేహ నిర్మాణంలోను, జీవిత చక్రంలోను ఉన్నది.

దేహ నిర్మాణం

క్రస్టేషియన్లకు రెండు జతల స్పర్శశృంగాలు ఉంటాయి. అధిక శాతం జాతులు మొప్పలతో శ్వాసిస్తాయి. రొయ్యలు, పీతల రక్తంలో ఆమ్లజనిని మోసే పదార్థంలో ఇనుముకు బదులు రాగి ఉండుట వలన, గాలి తగిలినప్పుడు రక్తం నీలి రంగుకు మారుతుంది. దేహాన్ని కప్పి ఉంచే గుల్ల ఖైటిన్‌తోను, కాల్షియం లవణాలతోను ఏర్పడుతుంది. ఈ గుల్ల శరీరంతో పాటు పెరగదు. అందువల్ల పాత గుల్లను విడిచి, నీటిని పీల్చుకుని దేహాన్ని ఉబ్బించి, కొత్త గుల్లను గట్టిపరచుకోవలసి ఉంటుంది. ఆ వ్యవధిలో జీవి మెత్తగా, రక్షణ లేకుండా ఉండి, తోటి రొయ్యలకే ఆహారం కావచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు ఎక్కువగా గుల్ల విడుస్తాయన్నది రైతుల అనుభవం. ఆ సమయంలో చెరువు నీటిలో ఆమ్లజని, ఖనిజాలు తగ్గకుండా చూసుకోవడం అవసరం.

వైవిధ్యం

జపాన్ పరిసర సముద్రాల్లోని సాలీడు పీత కాళ్ళు చాపితే సుమారు 3.7 మీటర్ల మేర విస్తరిస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని జాతులు సైతం ఇదే వర్గంలో ఉన్నాయి. పడవల అడుగున అతుక్కుని పెరిగే బార్నకిల్స్, తడి నేలలో రాళ్ళ కింద జీవించే చిన్న జాతులు కూడా క్రస్టేషియన్లే. సముద్రంలో తేలియాడే సూక్ష్మ కోపెపాడ్‌లు చేపపిల్లలకు ముఖ్య ఆహారం. అంటార్కిటికా జలాల్లోని క్రిల్ తిమింగలాలకు, పెంగ్విన్‌లకు ఆధారం.

జీవిత చక్రం

టైగర్ రొయ్య సముద్రంలో ఒకేసారి లక్షల సంఖ్యలో గుడ్లు విడుస్తుంది. పిల్లలు నాప్లియస్, జోయియా, మైసిస్ అనే డింభక దశలు దాటి నదీముఖాలకు, మడ అడవులకు చేరి అక్కడ పెరుగుతాయి. మడ అడవుల్లో పెరిగే పీత గుడ్లు విడుచుటకు సముద్రానికి వెళుతుంది. మంచినీటిలో జీవించే స్కాంపీ రొయ్య డింభకాలకు ఉప్పు కలిసిన నీరు తప్పనిసరి. కాబట్టి నదీముఖం దెబ్బతింటే సముద్రంలోని వేట కూడా తగ్గుతుంది. కాకినాడ సమీపంలో 235.7 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం ప్రాధాన్యం ఇందులోనే ఉన్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటను నిషేధించడం కూడా సంతానోత్పత్తికి రక్షణ కల్పించేందుకే.

వ్యాధి నేర్పిన పాఠం

1994-95లో తెల్లమచ్చల వ్యాధి వ్యాపించి కోస్తా జిల్లాల్లో టైగర్ రొయ్యల సాగు తీవ్రంగా దెబ్బతిన్నది. ఈ వ్యాధికి కారణం వైరస్. క్రస్టేషియన్ల దేహంలో మానవులలో వలె ప్రతిదేహాలు తయారు కావు. కనుక సాధారణ టీకాల పద్ధతి వీటికి వర్తించదు. వైరస్‌పై యాంటిబయాటిక్‌లు పనిచేయవు. పైగా వాటి అవశేషాలు బయటపడితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది. పీతలు సైతం ఈ వైరస్‌ను మోసుకొస్తాయి. చెరువు చుట్టూ పీతల కంచె, పైన పక్షుల వల ఏర్పాటు చేయడం, పరీక్షించిన పిల్లలనే వదలడం, వ్యాధి సోకిన నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకపోవడం మాత్రమే రక్షణ మార్గాలు. ఒక రైతు నిర్లక్ష్యం కాలువ వెంట ఉన్న చెరువులన్నిటికీ ముప్పు కాగలదు.

చట్టపరమైన నియంత్రణ

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పులో నియంత్రణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దీనిని 2023లో సవరించారు. 2009లో పసిఫిక్ తూర్పు తీరానికి చెందిన వనామి రొయ్య సాగుకు అనుమతి లభించింది. దిగుమతి చేసుకున్న తల్లి రొయ్యలను చెన్నైలోని నీలాంగరై కేంద్రంలో పరీక్షించిన పిమ్మటే హేచరీలకు పంపే విధానం ఏర్పడింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టాన్ని చేసింది. ఒకే విదేశీ జాతిపై అధికంగా ఆధారపడటం వలన కొత్త వ్యాధి వచ్చినా, విదేశీ విపణి ఒడిదుడుకులకు లోనైనా రైతులందరూ ఒకేసారి నష్టపోయే ప్రమాదం ఉన్నది.

ప్రజారోగ్యంలో పాత్ర

నారికురుపు వ్యాధిని వ్యాపింపజేసిన సైక్లాప్స్ కూడా సూక్ష్మ క్రస్టేషియనే. ఆ వ్యాధి పీడించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉండేది. టీకా, మందు లేకున్నా నీటిని గుడ్డతో వడకట్టడం, దిగుడు బావులను మూసి సురక్షిత నీటిని అందించడం ద్వారా వ్యాధిని తుదముట్టించారు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు రహిత దేశంగా ప్రకటించింది. చికిత్స లేని చోట నివారణే చికిత్స అని ఆనాడు గ్రామాల్లోని బావుల వద్ద రుజువైంది. నేడు రొయ్యల చెరువులకు సైతం అదే సూత్రం వర్తిస్తుంది.