సిరిమాను మీద ఎవరు?

విజయదశమి వెళ్లిన మంగళవారం విజయనగరంలో ఇసకేస్తే రాలనంత జనం. చింతమానును చెక్కి, దాని కొసన ఆసనం కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. అంతెత్తున ఊగుతూ వచ్చే ఆయన్ని ఆ పూట ఎవరూ మనిషి అనుకోరు. ఆయనే పైడితల్లి. చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని చూస్తూ, "అమ్మోరు ఆడమనిషి కదా, మరి మగాయన కూకున్నాడేటి?" అని అడిగాను. అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఒక పక్క, బొబ్బిలి రాజు రంగారావు మరో పక్క. ఓటమి తప్పదని తేలాక కోటలోని ఆడవాళ్లనీ పిల్లలనీ శత్రువుకి చిక్కకుండా సొంతవాళ్లే చంపేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని గుడారంలో పొడిచి చంపాడు. ఇది చరిత్ర. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ యుద్ధం వద్దని అన్నను వారించిందనీ, అన్న చనిపోయాడని విని తానూ ప్రాణం విడిచిందనీ, ఆమె చెప్పినట్టే పెద్దచెరువులో విగ్రహం దొరికిందనీ చెప్పేది జనశ్రుతి.

ఈ యుద్ధాన్ని ఊరూరా వినిపించింది కథకులు. వాళ్ల గొంతులో అది పాపారాయుడి కథ. కోటలో చనిపోయిన అంతమంది ఆడవాళ్లలో మనకి గుర్తున్న పేరు రాణి మల్లమ్మ ఒక్కతే. 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమాలో భానుమతి ఆ పాత్రకి నిండుదనం తెచ్చింది. అయినా మల్లమ్మ చుట్టూ చనిపోయిన దాసీలు, దాయాదుల భార్యలు, పసిపిల్లల తల్లులు ఎవరు? వాళ్లని చావడానికి ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా? 'మానరక్షణ' అనే ఒక్క మాట ఈ ప్రశ్నలన్నిటినీ కప్పేసింది.

తప్పెటగుళ్లలోనూ అంతే. గంగమ్మ కథని మగవాళ్లు గుండెల మీద గుళ్లు కట్టుకుని, చిందేసి పాడతారు. కథ ఆడదేవతది, గొంతూ ఒళ్లూ మగవాళ్లవి. 1940లలో ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయం వంటివాళ్లు మహిళా బుర్రకథ దళం కట్టి వేదికెక్కడం ఎంత పెద్ద అడుగో ఇక్కడి నుంచి చూస్తే అర్థమవుతుంది.

మరి ఆడవాళ్లు కథ చెప్పలేదా? చెప్పారు. మా అమ్మమ్మ ముర్రాటలకి పసుపునీళ్లు కలుపుతూ చెప్పేది. ఆమె కథలో ఫిరంగులు లేవు, పాపారాయుడు చివర్లో ఒక్కసారి వచ్చిపోతాడు. అన్న గుర్రానికి అడ్డంగా నిలబడ్డ చెల్లెలి దగ్గర కథ మొదలయ్యేది. "ఒలే గుంటా, ఆడబొట్టి సెప్పినమాట ఇనకపోతే ఏటవుతాదో సూసినావా?" అనడంతో ముగిసేది. అదే యుద్ధం, కానీ తప్పెవరిదో తేల్చే తీర్పు వేరు.

అయితే ఆ తీర్పుతోనూ నాకు పేచీ ఉంది. బతికున్న చెల్లెలి మాట ఎవరూ వినలేదు. చనిపోయాక విగ్రహం ఎక్కడుందో చెప్తే మాత్రం చెరువులో దిగి వెతికారు. మన పల్లెల్లో అకాలంగా పోయిన ఎందరో ఆడవాళ్లు పేరంటాళ్లయింది ఇలాగే. ఈ విజయనగరంలోనే కూర్చుని గురజాడ ముసలి మొగుడికి కట్టబెట్టిన పూర్ణమ్మని రాశాడు. ఆమె కూడా నీళ్లలోకే వెళ్లి దుర్గలో కలిసింది. దేవతను చేసి మొక్కితే ఆమె ఎందుకు చనిపోయిందో అడగనక్కర్లేదు. పూర్ణమ్మ విషయంలో గురజాడ మనచేత ఆ ప్రశ్న అడిగించాడు.

నా సిద్ధాంత గ్రంథం కోసం ఈ రెండు జిల్లాల్లో తిరిగి కథకుల పట్టిక ఒకటి తయారుచేశాను. దళం, వాయిద్యం, కథ, ప్రదర్శన అని గడులు గీశాను. అమ్మమ్మకి దళం లేదు, వాయిద్యం లేదు, వేదిక లేదు. ఏ గడిలోనూ ఇమడక ఆమెని వదిలేశాను. ఆమె గొంతు ఒక్క క్యాసెట్ మీద కూడా నా దగ్గర లేదు. పట్టా వచ్చేనాటికి ఆమె లేదు.

సిరిమాను మీద ఆడమనిషికి చోటివ్వలేదని అడిగే నేను, నా పట్టికలో చోటివ్వలేదు. ఇప్పుడు ఊళ్లకెళ్తే దళాలని వెతకడం లేదు. ముర్రాటలు కలిపే చోట కూర్చుంటున్నాను.