మనం పనికి పోతే చంటిబిడ్డను ఎవరు పట్టుకున్నారు?



ప్రతి ఏడాది నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని పైసాతో సహా లెక్క చెప్పుకుంటాం. ఒక లెక్క మాత్రం మన పుస్తకాల్లో ఎక్కడా ఎక్కలేదు. మనం నాట్లకో, కోతలకో, రొయ్యల పనికో, సంఘం మీటింగుకో పోయినప్పుడు ఇంట్లో చంటిబిడ్డను ఎవరు పట్టుకున్నారు? మనల్ని కన్న తల్లులు పనికి పోయినప్పుడు మనల్ని ఎవరు పట్టుకున్నారు? ఈసారి కాస్త వెనక్కి వెళ్ళి ఆ లెక్క చూద్దాం.

గట్టు మీద ఉయ్యాల

మన ప్రాంతం పచ్చగా ఉందంటే కాలవల వల్లే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలవల నీళ్ళు తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు చేరాయి. నీళ్ళతో వరి పెరిగింది. వరి అంటే నాటు, కలుపు, కోత. నాటూ కలుపూ ఎక్కువగా ఆడకూలీల పనే. నాట్ల అదను వచ్చిందంటే, బిడ్డకు మూడో నెలా ఆరో నెలా అని ఆగదు.

అప్పుడు తల్లులు చేసుకున్న ఏర్పాటు మనకు తెలిసిందే. గట్టు మీద చెట్టు కొమ్మకు పాత చీర కట్టి ఉయ్యాల వేసేవాళ్ళు. పక్కన కాపలాకు ఏడెనిమిదేళ్ళ పిల్ల. బిడ్డ ఏడిస్తే ఊపాలి, ఇంకా ఏడిస్తే చంకనేసుకుని గట్టు మీద తిప్పాలి. తల్లి మధ్యలో గట్టెక్కి, చేతులు కడుక్కుని, పాలిచ్చి మళ్ళీ బురదలోకి దిగేది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే అదృష్టం.

ఆ కాపలా పిల్ల గురించి ఒక్క మాట. ఇవాళ్టికీ తీర్మానం కింద వేలిముద్ర వేసే పెద్దక్కలు మన సంఘాల్లో ఉన్నారు. "ఎందుకు చదువుకోలేదక్కా?" అని అడిగి చూడండి. "తమ్ముణ్ణి ఎత్తుకోవాల్సి వచ్చిందమ్మా" అనే జవాబు వినపడుతుంది. ఆ రోజుల్లో బిడ్డల ఆలనకు ఖర్చేమీ లేదనుకుంటాం. ఖర్చు ఉంది. అది ఒక ఆడపిల్ల చదువు.

నవ్వుకు నువ్వుండలు

అయితే పాతకాలం అంతా చెడ్డదేం కాదు. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు పంచే ఆచారం మనది. అందులో మొదటి పండగ నవ్వుకి. రెండో నెల దాటాక బిడ్డ ఎదుటి ముఖాన్ని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు మనిషి కోసం నవ్విన నవ్వని మన పెద్దవాళ్ళు కనిపెట్టారు, వీధంతా తీపి పంచారు. ఎనిమిదో నెల వచ్చేసరికి కొత్త ముఖం కనపడితే బిడ్డ ఏడుస్తుంది. "మాలిమి లేదు, కాసేపు ఆగి ఎత్తుకో" అంటారు పెద్దవాళ్ళు. మాలిమి అన్న ఆ ఒక్క మాటలో చాలా విషయం ఉంది.

అదే ఇంట్లో ఇంకో అలవాటూ ఉంది. అన్నం తినకపోతే బూచాడొస్తాడనడం, ఏడుపు ఆపకపోతే ఒక్కటెయ్యడం. దీని మీద గట్టిగా రాసినాయన మన తెనాలిలో పెరిగిన మనిషే. గుడిపాటి వెంకట చలం 1894లో మద్రాసులో పుట్టారు. తాతగారి దత్తతతో ఇంటిపేరు గుడిపాటి అయింది. తండ్రి తల్లిని పెట్టే బాధలు చిన్నతనంలోనే చూశారు. తర్వాత బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. "బిడ్డల శిక్షణ" అని ఒక పుస్తకమే రాసి, పిల్లల్ని కొట్టి, భయపెట్టి పెంచడం తప్పని వాదించారు. చలం మిగతా రాతలు నచ్చనివాళ్ళు ఉండొచ్చు. పసివాళ్ళకూ మనసుంటుందన్న ఆ మాట మాత్రం మనం ఇంటికి తీసుకుపోవాల్సిందే.

వాకిట్లోకి వచ్చిన బడి

పసిపిల్లల ఆలనను ఇంటి గడప దాటించి ఊరి పనిగా చేసినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళను మనం తలుచుకోవాలి.

ఒకరు మన దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది నుంచి ఆ బోర్డు దేశంలో పల్లెపల్లెకూ సంక్షేమ విస్తరణ పథకాలు తీసుకుపోయింది. బాల్వాడీలు, కాన్పుల సాయం, ఆడవాళ్ళకు చేతిపనులు అందులో భాగం. ఇవాళ్టి మన సంఘాలకు ముందుతరం అనదగ్గ మహిళా మండళ్ళకు అప్పట్లో బలం అక్కడి నుంచే వచ్చింది.

ఇంకొకరు మహారాష్ట్రలో పనిచేసిన తారాబాయి మోడక్. 1945లో బోర్డి అనే ఊళ్ళో, అనుతాయి వాఘ్ అనే ఆమెతో కలిసి పేదపిల్లలకు బాల్వాడీ మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి పోయింది. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న మాట అలా పుట్టింది. తర్వాత కోస్‌బాడ్ గిరిజన పల్లెల్లో వాళ్ళు ఇంకో సంగతి గమనించారు. పెద్దపిల్లలు చంటివాళ్ళను మోస్తూ ఉండిపోయి బడికి రాలేకపోతున్నారు. అందుకే చంటిపిల్లల గది, బాల్వాడీ, ప్రాథమిక బడి మూడూ ఒకే చోట పెట్టారు. మన గట్టు మీది కాపలా పిల్ల కష్టానికి అక్కడ జవాబు దొరికింది.

ప్రపంచం తెలుసుకున్నది

అదే రోజుల్లో దూరదేశాల్లో ఈ సంగతే పరిశీలన చేస్తున్నారు. యుద్ధంలో ఇళ్ళూ తల్లిదండ్రులూ పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే, జాన్ బౌల్బీ అనే ఇంగ్లండు డాక్టరు 1951లో నివేదిక ఇచ్చారు. తిండీ పక్కా ఒక్కటే చాలవు, తల్లిగానీ తల్లిలా నిలకడగా ఉండే మనిషిగానీ బిడ్డకు కావాలి అన్నది దాని సారం. కొందరు దీన్ని చూపించి ఆడవాళ్ళు పనికి పోకూడదన్నారు. తల్లి స్థానంలో నిలిచే మనిషి మాట కూడా ఆ నివేదికలోనే ఉంది.

1954లో మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు ఉగాండా వెళ్ళి, పల్లెల్లో 26 కుటుంబాల బిడ్డల్ని నెలల తరబడి ఇళ్ళకు పోయి చూశారు. బిడ్డ ఏడుపునూ చూపునూ కనిపెట్టుకుని పలికే తల్లి ఉన్నచోట, బిడ్డ ధైర్యంగా పాకుతూ పోయి ఆడుకుంటుంది, భయమేస్తే వెనక్కి ఒడిలోకి వస్తుంది. ఆ ఒడి గట్టిదైతేనే బిడ్డ దూరం పోగలుగుతుంది.

1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ ఒక పరీక్ష గురించి రాశారు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ముఖం బిగించి ఊరుకుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, పిలిచి చూస్తుంది. తల్లి పలక్కపోతే చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. మనం సెల్‌ఫోను చూస్తూ బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఈ పరీక్ష గుర్తుకు రావాలి.

తూకం ఉంది, మాట లేదు

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. అంగన్‌వాడీ ఊరూరా వచ్చింది. తూకం, టీకాలు, పోషకాహారం అందాయి. ఎంతోమంది బిడ్డలు బతికి బట్టకట్టారు. కానీ కేంద్రంలో ఆటపాటలు మూడేళ్ళు నిండిన పిల్లలకు. మూడేళ్ళలోపు బిడ్డ ఎక్కువగా సరుకు కోసం, తూకం కోసం, సూది కోసం తల్లి చంకలో వచ్చి వెళ్ళిపోయింది. మనిషితో మాలిమి కుదిరే వయసు మాత్రం అదే.

చట్టాలూ వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడకార్మికులున్నచోట బిడ్డలకు గది పెట్టమంది. 50 మందికి మించితే అన్న లెక్కను 1976లో 30కి తగ్గించారు. పొలం కూలీకి ఆ చట్టం అందలేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు అంతకుమించి ఉంటే చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. బిడ్డను పట్టుకోవడం కూడా పనే, దానికీ కూలి ఉందని ఆ చట్టం ఒప్పుకుంది. అందులో అలా ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

మన సంఘాల కథలోనూ ఒక పేజీ ఉంది. వెలుగు, ఇందిర క్రాంతి పథం రోజుల్లో రాష్ట్రంలో అనేక గ్రామైక్య సంఘాలు పోషకాహార, పగటి సంరక్షణ కేంద్రాలు నడిపాయి. గర్భిణులూ బాలింతలూ చిన్నపిల్లలూ ఒకచోట కూర్చుని తిన్నారు. ఖర్చులో కొంత సభ్యులే కట్టుకున్నారు. పొదుపు చేసినవాళ్ళు బిడ్డల ఆలన కూడా చేయగలరని ఆ కేంద్రాలు చూపించాయి.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి బిడ్డ ఎదుగుదలకు అయిదు కావాలన్నాయి: ఆరోగ్యం, తిండి, భద్రత, నేర్చుకునే అవకాశం, పిలిస్తే పలికే మనిషి. 2024లో కేంద్ర ప్రభుత్వం పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా బిడ్డలతో ఇంట్లో ఏం ఆడాలి, ఎలా మాట్లాడాలి అని "నవచేతన" పేరుతో ఒక మార్గదర్శిని తెచ్చింది. మూడేళ్ళలోపు బిడ్డ ఇప్పటికి వరసలోకి వచ్చింది.

మన వంతు

ఇంత చరిత్రా చెప్పుకుంది తల్లుల్ని తప్పు పట్టడానికి కాదు. పనికి పోకపోతే పొయ్యి వెలగదు. బిడ్డకు కావలసింది రోజంతా తల్లే కానక్కర్లేదు. రోజుకొకరు మారకుండా, మాలిమి ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే చాలు. వాళ్ళు నాయనమ్మ కావచ్చు, తండ్రి కావచ్చు, అంగన్‌వాడీ ఆయా కావచ్చు, సంఘంలో తోటి అక్క కావచ్చు. బడి ఈడు ఆడపిల్ల మాత్రం కాకూడదు.

అందుకని ప్రతి గ్రామైక్య సంఘం ఒక మీటింగులో ఈ ఒక్క అంశం పెట్టుకుంటే బాగుంటుంది. మన ఊళ్ళో మూడేళ్ళలోపు బిడ్డలు ఎందరు? తల్లి పనికి పోతే ఏ బిడ్డ ఎవరి దగ్గర ఉంటోంది? ఏ ఆడపిల్ల బడి మానేసింది? నాట్ల నెలలో, కోతల నెలలో బిడ్డల్ని పట్టుకునే అక్కకు సంఘం తరఫున కూలి ఇవ్వగలమా? మీటింగు రోజున పసిపిల్లల పక్కన ఎవరు కూర్చుంటారు?

ఆ జవాబులు తీర్మానాల పుస్తకంలో రాసుకుందాం. వచ్చే ఏడాది ఈ నివేదికలో పొదుపు పక్కన ఆ లెక్క కూడా ఉండాలి.