ఎర్ర పుస్తకంలో లేని తోటలు

కౌలాలంపూర్‌లో ప్రభుత్వ అధికారులకీ, కంపెనీ మేనేజర్లకీ నాయకత్వం మీద శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. ప్రతి తరగతిలోనూ తున్ అబ్దుల్ రజాక్ ఎర్ర పుస్తకం కథ చెప్తాను. మా వృత్తిలో అదొక పురాణం లాంటిది.

1959లో ఉపప్రధానిగా ఉంటూనే ఆయన గ్రామీణాభివృద్ధి శాఖ తీసుకున్నాడు. ప్రతి జిల్లా అధికారికీ ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇప్పించాడు. అందులో జిల్లా మ్యాపు, దాని మీద పరిచే పల్చటి ట్రేసింగ్ కాగితాలు. రోడ్లకి ఒకటి, బళ్ళకి ఒకటి, నీళ్ళకి ఒకటి. కమ్యూనిస్టు గెరిల్లాల మీద యుద్ధం అప్పుడే ముగింపుకొస్తోంది. సైన్యం వాడిన ఆపరేషన్స్ రూమ్ పద్ధతినే ఆయన రోడ్లకీ వంతెనలకీ వాడాడు. ఏ పని ఎంతవరకు వచ్చిందో గోడ మీదే కనిపించాలి. మంత్రి వచ్చి అడిగితే అధికారి అక్కడే నిలబడి జవాబు చెప్పాలి. ఫైలు వెతుకుతున్నాం సార్ అంటే కుదరదు!

ఆ తర్వాత అసలు కన్సల్టెంట్లు వచ్చారు. 1966లో మాంట్‌గొమరీ, ఎస్మన్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు మలేసియా పరిపాలన మీద నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగా ప్రధాని కార్యాలయంలో అభివృద్ధి పరిపాలన విభాగం పుట్టింది. 1972లో అధికారుల శిక్షణకి ఇంతాన్ అనే జాతీయ సంస్థ వచ్చింది. నా బోటి వాళ్ళు తినే అన్నం ఆ చెట్టు కాయే.

ఒకసారి తరగతి అయ్యాక, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక తెలుగాయన నా దగ్గరకొచ్చాడు. పెరాక్ రాష్ట్రం, బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలో పుట్టినవాడు. "ఏవండీ, ఆ పుస్తకంలో మా తోట ఉందా?" అన్నాడు.

లేదు. తోటలు ప్రైవేటు కంపెనీల భూమి. గ్రామీణాభివృద్ధి పథకం వాటి గేటు దగ్గరే ఆగిపోయింది. లోపల ఇల్లూ, నీళ్ళూ, బడీ అన్నీ యజమాని దయ. పక్క మలయ్ పల్లెకి తారు రోడ్డు వస్తుంటే తోట లైన్లలో ఉన్నవాళ్ళు చూస్తూ ఉండాల్సిందే. ఇంతకాలం ఆ కథ చెప్పిన నాకు ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదో!

విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మనవాళ్ళని ఈ తోటలకి తెచ్చినవాడు కంగాణీ. ఊళ్ళో మనిషే, బంధువే కావచ్చు. పనిలోకి దిగిన ప్రతి మనిషికీ రోజుకింత అని అతనికి తలసొమ్ము ముట్టేది. కూలీకి జ్వరమొస్తే కంగాణీకి నష్టం. మరి అతను ఎవరి తరఫు మనిషి? అప్పిచ్చేదీ, తగువు తీర్చేదీ, దొర దగ్గర మాట్లాడేదీ అతనే. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలస ఆపేసింది. కొత్తవాళ్ళని తెచ్చే దారి మూసుకుపోయినా దొర భయం మాత్రం పోలేదు. 1941లో క్లాంగ్ తోటల సమ్మెలో కూలీల కోరికల్లో ఒకటి: దొర ఎదురైతే సైకిల్ దిగాలన్న నియమం తీసెయ్యాలి. జీతం పెంపు పక్కనే ఆ కోరిక.

పుస్తకంలో చోటు దొరకనివాళ్ళు సొంతంగా కొన్ని కట్టుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. పిల్లలకి తెలుగు నేర్పడం దాని ముఖ్యమైన పని. ఇప్పుడది మలేసియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఇంకోపక్క, బ్రిటిష్ కంపెనీలు తోటల్ని ముక్కలు చేసి అమ్ముతుంటే, 1960లో మంత్రి సంబంధన్ కూలీల డబ్బుతోనే తోటలు కొనే సహకార సంఘం మొదలుపెట్టాడు. తోట తోటకీ తిరిగి సభ్యుల్ని చేర్పించాడు. ఆయన తమిళుడు, సంఘం మాత్రం తోట కూలీలందరిదీ.

ఆ పెద్దాయనకి ఇదంతా చెప్పబోతే నవ్వాడు. "మా నాన్న అందులో వాటాదారే," అన్నాడు.

వచ్చే నెల మళ్ళీ తరగతి ఉంది. ఎర్ర పుస్తకం బొమ్మ చూపిస్తాను. తోటల సంగతి ఈసారి ఎవరూ అడగకముందే చెప్తాను.