గొలుసుకట్టు లైబ్రరీలు

కరీంనగరు ప్రాంతమున గొలుసుకట్టు చెరువులు కాకతీయుల కాలమునుండి ప్రసిద్ధములు. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు క్రింది చెరువును చేరును. నడుమ నున్న చెరువు మత్తడిని ఒక అడుగు ఎత్తు చేసినచో శిఖము పెరిగి ఎగువ పొలములు మునుగును. దిగువ చెరువునకు నీరు ఆలస్యముగా అందును. కావున ఒక చెరువును బాగుచేయువారు గొలుసు నంతటిని చూడవలెను. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి చిక్కే కలదు.

ఏ ప్రోగ్రామును మొదటినుండి తుదివరకు ఒక్కరే వ్రాయరు. ఇతరులు వ్రాసి యుంచిన లైబ్రరీలను వాడుకొందురు. ఆ లైబ్రరీలు మరికొన్నింటిపై ఆధారపడి యుండును. అడుగున నున్న ఒకదానికి క్రొత్త కూర్పు వచ్చినచో పైవన్నియు కదలును.

ఈ చిక్కు బాగుగా కనిపించినది హాస్కెల్ అను భాషయందు. తర్కశాస్త్రజ్ఞుడగు హాస్కెల్ కరీ పేరిట వెలసిన యీ భాషకు 1987లో సంకల్పము జరిగినది. తొలి నిర్వచనము 1990లో వెలువడినది. ఇది ప్రమేయములపై నిర్మింపబడిన భాష. గణితమున x² + 1 అను ప్రమేయమునకు 3 ఇచ్చినచో ఎన్నడైనను 10 వచ్చును. అట్లే హాస్కెల్‌లో ఒకసారి ఏర్పడిన విలువ మారదు.

లైబ్రరీలను కూర్చుటకు 2005 నాటికి కాబల్ అను సాధనము, వానిని భద్రపరచుటకు 2007లో హాకేజ్ అను భాండారము ఏర్పడినవి. ప్రతి కూర్పునకు 2.1.3 వంటి సంఖ్య నిచ్చిరి. మొదటి రెండు అంకెలలో మార్పు వచ్చినచో, పాత ప్రోగ్రాములు చెడవచ్చునని హెచ్చరిక.

హెచ్చరిక మాత్రము చాలలేదు. క అను ప్రోగ్రాము ఖ, గ అను లైబ్రరీలను వాడుచున్న దనుకొనుడు. ఆ రెండును ఘ పై ఆధారపడినవే. కాని ఖ కు ఘ యొక్క మొదటి కూర్పు, గ కు రెండవ కూర్పు కావలెను. అప్పుడు క నిర్మాణము కాదు. అంతేకాదు. ఒక లైబ్రరీని వేరొక ఆధారముతో తిరిగి నిర్మించినచో పాతది చెరిగిపోయెడిది. దానిని నమ్మియున్నవి పనికిరాకుండ పోయెడివి. వాడుకరులు దీనిని ‘కాబల్ నరకము’ అనిరి. విలువలను మార్చనీయని భాషకు లైబ్రరీలు మాత్రము చెరిపి వ్రాసిన పలకవలె నుండెను!

2015లో భాష మూలలైబ్రరీయందే మార్పు వచ్చినది. మోనాడ్ అనదగిన ప్రతి రకమును ముందుగా అప్లికేటివ్ కావలెనని నియమించిరి. అందుచే అనేక లైబ్రరీలను సవరింపవలసి వచ్చెను.

పరిష్కారములు రెండు దిక్కులనుండి వచ్చినవి. కలిసి నిర్మాణమగునని పరీక్షించిన కూర్పుల జాబితాను స్టాకేజ్ ప్రకటింపసాగినది. దానిని వాడు స్టాక్ అను సాధనము 2015లో వచ్చినది. రెండవది నిక్స్. దీనిని ఎల్కో డోల్‌స్ట్రా నెదర్లాండ్సులో రూపొందించి, 2006 నాటి సిద్ధాంతగ్రంథమున వివరించెను. లైబ్రరీ నిర్మాణమును కూడ ప్రమేయముగా నెంచుటయే ఇందలి కీలకము. ఆధారములు మారినచో ఫలితము వేరొక చోట నిలుచును; పాతది చెరగదు. ఈ పద్ధతినే 2019 నాటి కాబల్ 3.0 సాధారణ పద్ధతిగా గైకొన్నది. డిస్కుపై ఎక్కువ చోటు పట్టుటయే దీనికి వెల.

అయినను పాత కూర్పులనే పట్టుకొని కూర్చుండరాదు. వానిలోని లోపములు సవరింపబడక నిలిచిపోవును. ప్రయోగశాలలో ఉష్ణోగ్రతను, పీడనమును వ్రాసికొనినట్లే, ప్రోగ్రాము ప్రక్కన లైబ్రరీల కూర్పు సంఖ్యలను వ్రాసికొనుట విద్యార్థులకు అలవడవలెను. అప్పుడే నేటి ఫలితమును పదేండ్ల తరువాత మరియొకరు సరిచూడగలరు. పిదప ఒక్కొక్క కూర్పునే మార్చి, గొలుసు నంతటిని పరీక్షించి చూడవలెను.