పరాశర స్మృతిలో రెండు శ్లోకాలు, మన సంఘం ముందున్న ఒక ప్రశ్న



"కడుపు తీయించుకోవడం మహాపాపం. అలాంటి ఇంటిని సంఘం దూరం పెట్టాలి" అనే మాట మన పెద్దల నోట అప్పుడప్పుడు వింటూంటాం. రాయగడలో, గుణుపురంలో, కొరాపుట్‌లో, జయపురంలో ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళం కలిసినా ఇలాంటి విషయం వచ్చేసరికి శాస్త్రం పేరు కూడా వస్తుంది. ఆ శాస్త్రం ఏం చెప్పింది, మన పూర్వులు అందులో ఏది పట్టుకుని ఏది వదిలారు, ఆ లెక్క చివరికి ఎవరి నెత్తిన పడింది అన్నది చెబుదామని ఈ రాత. కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు పరాశర స్మృతి సంగతి. కలియుగానికి ఈ స్మృతే ప్రమాణమని సంప్రదాయం చెబుతుంది. దాని నాలుగో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. గర్భం పోగొట్టడం బ్రహ్మహత్యకు రెట్టింపు పాపమని, దానికి ప్రాయశ్చిత్తం కూడా లేదని, ఆ స్త్రీని వదిలేయాలని దాని భావం. "దూరం పెట్టాలి" అనేవాళ్ళ మాటకు మూలం ఇలాంటి చోటే ఉంది. వాళ్ళు లేనిది కల్పించి చెప్పడం లేదు.

కానీ అదే అధ్యాయంలో నాలుగడుగులు ముందుకెళ్తే ఇంకో శ్లోకం ఉంది. భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, ఇలా అయిదు ఆపదల్లో స్త్రీకి వేరే భర్త ఉండవచ్చని అది చెబుతుంది. ఆ వెంటనే బ్రహ్మచర్యాన్నీ సహగమనాన్నీ పొగిడే శ్లోకాలు ఉన్న మాటా నిజమే. అయినా మళ్ళీ పెళ్ళి అనే దారి మాత్రం మూసి లేదు. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుకున్నది ఈ శ్లోకాన్నే. ఆయన వాదన తర్వాతే 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. పాతికేళ్ళ తర్వాత రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు ఆధారం చేసుకున్నదీ దీన్నే.

మన ఆచారపరులు మొదటి శ్లోకాన్ని గట్టిగా పట్టుకున్నారు, రెండోదాన్ని మరిచిపోయారు. ఒకటి ఆడదాని మీద శిక్ష వేస్తుంది. ఇంకొకటి ఆ శిక్ష దాకా పోకుండా ఆమెకు దారి చూపిస్తుంది. దారి మూసేసి శిక్ష మాత్రం ఉంచుకున్నారు. అసలు కథంతా అక్కడే మొదలైంది.

ఇది ఎక్కడో గోదావరి జిల్లా సంగతి, మనకేం సంబంధం అనుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొరాపుట్, రాయగడ కొండలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానమే. విజయనగరంలో గురజాడ వారు కన్యాశుల్కం రాసిన రోజుల్లో ఆయనా మనమూ ఒకే జిల్లా. 1897లో అచ్చయిన ఆ నాటకానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లా తీరప్రాంతంలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలను లెక్క కట్టిస్తే 1,034 తేలాయట. అందులో పెళ్ళికూతురి వయసు అయిదేళ్ళు ఉన్నవి 99, నాలుగేళ్ళు ఉన్నవి 44, మూడేళ్ళు ఉన్నవి 36. రెండేళ్ళ పిల్లలు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు.

ఏడాది పిల్లను డబ్బిచ్చి చేసుకునే వరుడు సాధారణంగా ఎవరు? భార్య పోయిన నడివయసువాడో, ముసలివాడో. ఆ పిల్లకు ఊహ తెలిసేసరికి ఆయన పోతే, గుండు, తెల్లచీర, ఒంటిపూట భోజనం. అదే ఇంట్లో మగవాడు మాత్రం భార్య పోయిన మరుసటి ముహూర్తానికే మళ్ళీ పెళ్ళికొడుకు. ఆ పిల్ల పదహారేళ్ళ వయసులో ఏ బంధువు చేతిలోనో మోసపోయి, లేదా ఇష్టపడే, గర్భవతి అయితే ఆమె ముందు మూడే దారులు. నూయి, కాశీ, లేదా రాత్రిపూట దొడ్డిదారిన వచ్చే మంత్రసాని. బయటపడితే వెలి ఆమెకే. ఆ మగవాడు మర్నాడు బంతిలో కూర్చుని భోజనం చేసేవాడు.

ఇంగ్లీషు చట్టమూ ఆమెనే చూసింది. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం కాపాడటానికి కాకుండా గర్భస్రావం చేయిస్తే మూడేళ్ళ దాకా జైలు. కడుపులో బిడ్డ కదలిక తెలిసే దశ దాటితే ఏడేళ్ళ దాకా. తన గర్భం తానే పోగొట్టుకున్న స్త్రీకి కూడా ఇది వర్తిస్తుందని సెక్షన్ కింద ప్రత్యేకంగా వివరణ రాశారు. గర్భానికి కారణమైన మగవాడి గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే యువ బ్రాహ్మణ వితంతువు పుట్టిన బిడ్డను చంపిందని కోర్టు ఉరిశిక్ష వేసింది. అప్పీలులో ఆ శిక్ష తగ్గింది. ఆ కేసు మీద పత్రికల్లో ఆడవాళ్ళను తిట్టిపోస్తుంటే కడుపు మండి 1882లో తారాబాయి షిండే మరాఠీలో స్త్రీ పురుష తులన అనే పుస్తకం రాసింది. అంతకు చాలా ముందే, 1863లో, పుణేలో జ్యోతిబా, సావిత్రీబాయి ఫూలే దంపతులు వేరే పని చేశారు. ఇలాంటి వితంతువులు గుట్టుగా వచ్చి కాన్పు చేసుకుని బిడ్డను వదిలి వెళ్ళడానికి ఒక ఇల్లు తెరిచారు. అలా పుట్టిన ఒక పిల్లవాణ్ణి తర్వాత వాళ్ళే పెంచుకున్నారు. భ్రూణహత్య వద్దు అని ఊరుకోకుండా, వద్దు అన్నందుకు తమ వంతు భారం మోసినవాళ్ళు వాళ్ళు.

మన తెలుగునాట ఆ భారం మోసిన మనిషి వీరేశలింగం గారు. 1879లో ఆయన వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరిగింది. నాలుగు రోజులకే రెండోది. ఊరంతా ఎదురు తిరిగింది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. కాలేజీ కుర్రాళ్ళు కాపలా కాశారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళను, వాళ్ళతో భోజనం చేసినవాళ్ళను వెలివేశారు. చాలామంది భయపడి ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. చరిత్ర పుస్తకాల్లో ఆవిడకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు. కానీ ఆ బిందె బరువు లేకపోతే ఆ పెళ్ళిళ్ళు నిలిచేవి కావు.

పెళ్ళి చేసి పంపేస్తే సరిపోలేదు. అద్దెకు ఇల్లిచ్చేవాడు ఉండడు, పురిటికి వచ్చేవాళ్ళు ఉండరు, పిలుపులు ఉండవు. ఆ జంటల బాగోగులు ఏళ్ళ తరబడి ఆ దంపతులే చూసుకున్నారు. తర్వాత వితంతువుల కోసం శరణాలయం నడిపారు. ఆయన చేయించిన పెళ్ళిళ్ళు సుమారు 40 అంటారు. సంఖ్య చిన్నదే. కానీ "పాపం" అనే మాటకు ఎదురుగా "మరి నీ వంతు ఏమిటి?" అనే ప్రశ్నను మన సమాజంలో నిలబెట్టింది ఆ 40 పెళ్ళిళ్ళే.

ఇక్కడ మన కొండల సంగతి కూడా చెప్పుకోవాలి. తీరంలో ఇంత గొడవ జరుగుతుంటే, ఇక్కడి కోదులు, సవరలు, పరజలు వీటిలో దేన్నీ ఎరగరు. వాళ్ళలో మగడు పోయిన ఆడదానికి మళ్ళీ పెళ్ళి మామూలు. మన తెలుగువాళ్ళలోనూ చాలా కులాల్లో మారుమనువు ఉండేది. నలుగురు పెద్దల ముందు ఒక చీర పెట్టి కలిపేసేవారు. గొప్ప కులాలను చూసి, అలా చేస్తే చిన్నతనమని, మారుమనువు మానేసిన ఇళ్ళూ ఉన్నాయి. పరువు పేరుతో మనం కొని తెచ్చుకున్న కష్టం అది. మనం వెనకబడినవాళ్ళనుకునే పొరుగువాడి ఇంట్లో లేని బాధ మన ఇంట్లో ఉండింది.

మన సంఘంలో ఇప్పుడు హిందువులే కాదు, క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 2016లో రాయగడ కేంద్రంగా కేథలిక్ డయోసిస్ ఏర్పడింది. గర్భస్రావం విషయంలో కేథలిక్ సభ నియమం చాలా కఠినం. కావాలని చేయించుకుంటే దానంతట అదే వెలి పడుతుంది. అయితే ఆ నియమంలో రెండు సంగతులు గమనించాలి. పదహారేళ్ళు నిండని పిల్లకు ఆ శిక్ష లేదు, భయపెట్టి చేయించిన సందర్భాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, ఆమె ఒక్కతే కాదు, ఎవరి సాయం లేకుండా ఆ పని జరిగేది కాదో వాళ్ళకూ శిక్ష వర్తిస్తుంది. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని ప్రతి గురువుకూ శాశ్వతంగా ఇచ్చారు. ఇంకా కఠినంగా ఉండే యెహోవా సాక్షులు సైతం, కాన్పు సమయంలో తల్లో బిడ్డో ఒకరే దక్కే పరిస్థితి వస్తే నిర్ణయం ఆ దంపతులదే అంటారు. ఎంత కఠినమైన మతమైనా ఏదో ఒక చోట మనిషి అంతరాత్మకు చోటు విడవక తప్పలేదు. పరాశరుడి పేరు చెప్పే మనం అంతకన్నా కఠినంగా ఉంటామా?

చట్టం ఎక్కడి దాకా వచ్చిందో కూడా తెలిసి ఉండాలి. 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 సవరణ తర్వాత, చట్టం చెప్పిన కారణాలుంటే, 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా అనుమతి ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే కావాలి. భర్త సంతకం అక్కర్లేదు, అత్తగారి సంతకం అసలే అక్కర్లేదు. ఆమె పేరు బయటపెడితే శిక్ష ఉంది. పెళ్ళికాని స్త్రీకీ ఇదే హక్కు అని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం వేరే సంగతి. లింగ నిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరం. అక్కడ ఒత్తిడి చేసేది చాలాసార్లు మగపిల్లాడు కావాలనే ఇంటి పెద్దలే. కానీ మనం తిట్టేది కోడలినే.

ఇదంతా చెప్పి, గర్భస్రావం మంచిదని గానీ చెడ్డదని గానీ మేము తీర్పు ఇవ్వడం లేదు. అది పాపమని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళ నమ్మకం వాళ్ళ ఇంట్లో, వాళ్ళ నడవడిలో గౌరవంగా ఉండనివ్వండి. కానీ ఆ నమ్మకాన్ని సంఘం పేరుతో పక్కింటి ఆడపిల్ల మీద వెలిగా వేయడం మొదలుపెడితే, మనం మళ్ళీ మొదటి శ్లోకం ఉంచుకుని రెండో శ్లోకం చింపేసినట్టే. వెలి భయం వల్ల ఒక్క గర్భస్రావమైనా ఆగిందో లేదో గానీ, అది సర్కారు ఆస్పత్రి నుంచి గుట్టుగా ఇంట్లో మాత్రలు మింగే గదిలోకి మాత్రం వెళ్తుంది. ఆ తర్వాత రక్తం పోతూ ఉన్నా ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది.

"పాపం" అనే మాట ఎత్తేవాళ్ళను సంఘం తరఫున మనం అడగాల్సింది ఒకటే. ఆ అమ్మాయి బిడ్డను కంటే, పురుడు ఎవరు పోస్తారు? ఆమెకు పెళ్ళి కాకపోతే ఆ బిడ్డ బారసాలకు మనలో ఎంతమంది వెళ్తాం? కారణమైన కుర్రాడి తండ్రిని మన సభలో నిలదీసి అడిగే ధైర్యం ఎవరికుంది? ఈ మూడింటికీ "నేనున్నాను" అని చేయి ఎత్తగలిగినవాళ్ళు ఎంత కఠినంగా మాట్లాడినా వింటాం. చేయి ఎత్తలేనప్పుడు, ఆ ఇంటి తలుపు తట్టి "కొరాపుట్ పెద్దాస్పత్రికి తోడు రావాలా అమ్మా?" అని మన ఆడవాళ్ళలో ఒకరు అడిగితే చాలు. సంఘం చేయాల్సిన పని అంతవరకే.