అతిథుల యాట – ఆతిథేయుల నేల



జానపద నృత్యమును గూర్చి ముచ్చటించునపుడు మనము అడుగులను, వేషములను, వాద్యములను వర్ణింతుము. ఆడుటకు నేల నిచ్చినవారిని మాత్రము మరతుము. ఈ పూట నేను ఆ నేల నిచ్చినవారి కథ చెప్పదలచితిని.

బ్రిటను పడమటి భాగమున వేల్సు దేశమున్నది. దాని యుత్తర భాగమున డీ నది యొడ్డున లాంగోలెన్ అను చిన్న యూరు కలదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947 జూన్ నెలలో, ఆ యూరివారు నానాదేశముల గాయకులను తమ ముంగిటికి బిలిచిరి. హెరాల్డ్ ట్యూడర్ అను పత్రికా రచయితకు పుట్టిన తలంపు ఇది. సంగీత భారమును గ్విన్ విలియమ్స్ వహించెను. అప్పటికి బ్రిటనులో ఆహారమునకు ఇంకను రేషను కలదు. అయినను ఊరివారు అతిథులకు తమ యిండ్లలోనే బస యిచ్చిరి. రైళ్ల సమ్మె వలన హంగేరీవారు దారిని బోవు బండ్ల నాపి, ఎక్కుచు దిగుచు వచ్చి చేరిరి.

1949లో ల్యూబెక్ నగరము నుండి జర్మను గాయకులు వచ్చిరి. నిన్నటి శత్రువులు! వారిని వేదికపై మిత్రులని పేర్కొనగా సభ కరతాళధ్వనులతో స్వాగత మిచ్చినది. సంధిపత్రములపై సంతకములు చేయువారు వేరు. ఎదుటివానిని ఇంటికి బిలిచి అన్నము పెట్టువారు వేరు. ఈ రెండవవారి పని చరిత్ర గ్రంథములలో అరుదుగా గానవచ్చును.

ఆ యుత్సవమున పాటకు తోడు ఆటయు స్థిరపడినది. నానాజాతులవారు తమ తమ దుస్తులతో వేదికపైననే గాక వీథులలోను ఆడుదురు. ఇంగ్లీషువారి మారిస్ ఆటలో కర్రకు కర్ర తాకునపుడు తెలుగువానికి కోలాటము తలపునకు రాక మానదు. బాల్కను దేశీయులు చేయి చేయి పట్టి గొలుసువలె సాగునపుడు భాష తెలియదను కొరత నాకు తోచదు. చూచువాని పాదమే తాళము వేయును.

ఇందు నన్ను మిక్కిలి యాకర్షించిన విషయ మొకటి కలదు. అన్యుల నృత్యములకు తావిచ్చిన వేల్సువారు తమ నృత్యములను చాలవరకు పోగొట్టుకొనినవారు! 18వ శతాబ్దిలో మెథడిస్టు మతోద్యమము ప్రబలి, ఆట పాపమని బోధింపగా, పల్లెలలో ఆటలు సన్నగిల్లెను. 1790 ప్రాంతమున లాంగాడ్వన్ గ్రామవాసి విలియమ్ జోన్స్ తన యూరి నృత్యములను వ్రాసి యుంచెను గనుక అవి మిగిలినవి. ఇట్టివానిని వెదకి మరల నాడించుటకు పూనుకొన్న లోయిస్ బ్లేక్ ఇంగ్లాండులో పుట్టిన స్త్రీ. జర్మనులు వచ్చిన ఆ 1949లోనే వేల్సు జానపద నృత్య సంఘము వెలసినది. దాని స్థాపనలో ఆమెతోబాటు గ్విన్ విలియమ్స్‌కును పాలు గలదు.

పొరుగువారి యాటను ఆదరించినచో మన యాట చెడునని కొందరు భయపడుదురు. లాంగోలెన్ చరిత్ర నాకు వేరొక విధముగా తోచుచున్నది. ఆటను చెరచునది పరాయి అడుగు కాదు. మన యాటను చూచి మనమే సిగ్గుపడుట. తన పల్లె జాతరలో ఆడువారిని చిన్నచూపు చూచువాడు పరదేశపు నృత్యమును చూచి ఎంత మెచ్చుకొన్నను, ఆ మెప్పు వినోదముగనే మిగులును. తన వారి యడుగునందు గౌరవము గలవానికే ఎదుటివారి యడుగులోని గౌరవము తెలియును. లాంగోలెన్ ప్రజలకు ఈ రెండును ఒక్క కాలముననే సిద్ధించినవి.