అరవై మంది ఆడపిల్లలు, ఒక నిచ్చెన

తరగతిలో పిల్లలందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పకుండా, చదువుకునే చాప ఒకచోట, అక్షరాల కార్డులు మరోచోట, రాసుకునే నల్లబల్ల ఇంకోచోట అమర్చి, ఎవరి స్థాయికి తగిన పని వాళ్ళకిచ్చే పద్ధతి గురించి ఉపాధ్యాయ శిక్షణల్లో తరచూ వింటున్నాం. టీచరు నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తుంటే, మిగతావాళ్ళు తమ తమ మూలల్లో పని చేసుకుంటారు. కాసేపయ్యాక మూలలు మారతారు. అమెరికాలో కరోల్ ఆన్ టామ్లిన్సన్ 1995లో, 1999లో రాసిన పుస్తకాలు, డెబ్బీ డిల్లర్ 2003లో తెచ్చిన పుస్తకం ఈ మాటల్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చాయి. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పిన స్త్రీలే. వాళ్ళ పనితో నాకు పేచీ లేదు. ఇది మనకి పూర్తిగా కొత్త అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ తమ ప్రాంతంలో బడులెన్నో, చదివేవాళ్ళెందరో లెక్క పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఇతనే. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. అక్కడున్న 533 బడుల్లో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226.

తక్కిన కలెక్టర్లు చాలామంది అంకెలతో సరిపెట్టారు. కాంప్‌బెల్ మాత్రం బడి లోపల ఏం జరుగుతుందో రాశాడు. పిల్లల్ని వాళ్ళకొచ్చిన చదువుని బట్టి సాధారణంగా నాలుగు తరగతులుగా కూర్చోబెడతారు. కింది తరగతుల్ని కొంతవరకు పెద్దపిల్లలు చూసుకుంటారు, పై తరగతులు అయ్యవారి దగ్గరుంటాయి, ఆయన కన్ను మాత్రం బడంతటి మీదా ఉంటుంది. ఒక తరగతి నించి పై తరగతికి వెళ్ళడానికి పిల్లవాడి శక్తే కొలత. రాయడం ముందు ఇసకలో మొదలవుతుంది. చదువొచ్చిన పిల్లలు రానివాళ్ళకి నేర్పుతూ తమ చదువు గట్టిపరచుకునే ఈ తీరు మెచ్చుకోదగిందనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేననీ అంటాడు. ఆ అనుకరణ చేసినవాడు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్. అతను 1797లో అచ్చువేసిన పుస్తకంతో ఇది ‘మద్రాసు పద్ధతి’ అని పేరు తెచ్చుకుంది.

ఇక్కడే ఆగి గర్వపడటం తేలిక. ధరంపాల్ 1983లో ఈ నివేదికలన్నీ పుస్తకంగా తెచ్చినప్పటి నించీ మన ప్రాచీన విద్య గొప్పదనం చెప్పాలనుకునేవాళ్ళు వీటిని చాలాసార్లే ఉదహరించారు. నేను ఆ పట్టికల్లో ఆడపిల్లల గడి వెతికాను. బళ్ళారిలో చదువుకుంటున్న 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. అందరూ హిందువుల పిల్లలే. ఇద్దరు బ్రాహ్మణులు, ఒకరు వైశ్య, ఇరవయ్యారుమంది శూద్రులు, ముప్ఫయ్యొక్కమంది ‘ఇతర కులాలు’. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి 1,84,110 మంది మగపిల్లలుంటే ఆడపిల్లలు 4,540. వీళ్ళలో భోగంవాళ్ళ పిల్లలున్నారని కొందరు కలెక్టర్లు ప్రత్యేకంగా రాశారు. కుటుంబ స్త్రీకి అక్షరం తగదన్న నీతి ఎవరికి వర్తించిందో, ఎవరికి వర్తించలేదో ఈ అంకెలే చెబుతాయి. ముద్దుపళనిని సాహిత్య చరిత్ర ఎలా చూసిందో తెలిసిన మనకి ఇందులో ఆశ్చర్యపోవడానికేం లేదు. పిల్లలకి స్థాయిని బట్టి చోటిచ్చిన బడి, ఆడపిల్లకి గుమ్మంలో కూడా చోటివ్వలేదు. మంచి పద్ధతి ఉన్నంత మాత్రాన మంచి బడి అయిపోదని చెప్పడానికి నాకు ఇంతకన్నా పాత సాక్ష్యం దొరకలేదు.

తర్వాతి వందేళ్ళలో బడి తలుపులు ఆడపిల్లలకి కాస్త కాస్తగా తెరుచుకున్నాయి. అయితే అప్పటికి బడే మారిపోయింది. వయసుకో తరగతి, తరగతికో వాచకం, ఏడాది చివర ఒక పరీక్ష. రోజూ వచ్చేవాడి కోసం కట్టిన బడి అది. నెలరోజులు రాకపోతే పాఠం ముందుకెళ్ళిపోతుంది, తిరిగొచ్చిన పిల్లకి అర్థం కాదు, అర్థం కాక మానేస్తుంది. మనం దీన్ని ‘డ్రాపవుట్’ అన్నాం, తప్పంతా జారిపోయిన పిల్లదే అన్నట్టు. ఆ నెలరోజులూ ఆమె ఏం చేసింది? అమ్మ కూలికెళితే తమ్ముణ్ణి ఎత్తుకుంది, నీళ్ళు మోసింది, కలుపు తీసింది.

ఈ ప్రశ్నని సూటిగా ఎదుర్కొన్నవాళ్ళలో ఇద్దరు మరాఠీ స్త్రీలని మనం ఎక్కువగా గుర్తు చేసుకోం. మాంటిస్సోరి పద్ధతిని మన నేలకి తగ్గట్టు మార్చుకున్న తారాబాయి మోడక్, పదమూడేళ్ళకే పెళ్ళయి, కొద్ది నెలలకే భర్తని పోగొట్టుకున్న అనుతాయి వాఘ్. ఇద్దరూ 1945లో బోర్డీలోనూ, 1957 నించి కోస్బాడ్‌లోనూ వార్లీ ఆదివాసుల మధ్య పనిచేశారు. చంటిపిల్లల సంరక్షణ, బాలవాడి, ప్రాథమిక పాఠశాల అన్నీ ఒకేచోట పెట్టారు. అక్క చంకలో ఉన్న తమ్ముడికి బడిలోనే చోటు దొరికితే అక్క కూడా బడికొస్తుంది. పశువులు కాసే పిల్లల కోసం బడినే పచ్చిక బీటికి తీసుకెళ్ళారు. ఇప్పటి శిక్షణల్లో మూలలు ఎలా అమర్చాలో బొమ్మలేసి చూపిస్తారు. చంటిపిల్లకో ఉయ్యాల గీసిన బొమ్మ మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

మన వైపు ఈ పని మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో జరిగింది. 1980ల చివర రమ, పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ, వాచకాన్ని విడగొట్టి వందల కార్డులు చేశారు. ఆ కార్డుల వరసని గోడమీద నిచ్చెనగా వేశారు. ఒక గుంపుకి టీచరు పూర్తిగా పక్కనుండాలి, ఒక గుంపుకి కాస్త సాయం చాలు, ఒక గుంపు తోటిపిల్లల సాయంతో చేసుకుంటుంది, ఇంకొకటి సొంతంగా. గోడకి కిందగా, పిల్లలకందేటట్టు నల్లబల్లలుంటాయి. ఈ నమూనా చూసి వెళ్ళిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులూ ఈ దారి పట్టాయి.

భాష విషయంలో వీళ్ళు చేసిన మార్పు సాహిత్య విద్యార్థిగా నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వరసగా పూర్తయ్యేదాకా పిల్ల ఒక్క వాక్యం చదవకూడదన్న పట్టుదలని వదిలేశారు. నలి కలిలో మొదటి ఐదక్షరాలు ర, గ, స, ద, అ. వాటితోనే అరస అంటే రాజు, అగస అంటే చాకలి, గరగస అంటే రంపం చదివేస్తారు. మూడు వారాలే బడికి వచ్చి వెళ్ళిపోయిన పిల్లకి కూడా కొన్ని మాటలు చదవడం మిగులుతుంది. వరసలో ‘ఖ’ దాకా వచ్చి ఆగిపోయిన పిల్లకి ఏం మిగులుతుంది?

కొన్నేళ్ళ కిందట రాయలసీమలో ఒక చిన్న బడిలో ఒక పూట కూర్చున్నాను. పది రోజుల తర్వాత వచ్చిన పిల్ల గుమ్మంలో బెరుకుగా నిలబడింది. టీచరు తలెత్తి, “యాడ నిలిపినావో చూసుకో పాపా, ఆడ్నించే మొదలుబెట్టు” అంది. ఎందుకు రాలేదని అడగలేదు, బెంచీ ఎక్కించలేదు. ఆ పిల్ల నిచ్చెన దగ్గరికెళ్ళి తన కార్డు వెతుక్కుంది.

అలాగని నిచ్చెనని పొగుడుతూ పోవడం నాకిష్టం లేదు. ‘నల్లబల్ల పథకం’ 1987లో ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వారిలో వీలైనంతవరకు ఒకరు స్త్రీ ఉండాలంది. కార్డులుంటే ఒక్కరే ఐదు తరగతులూ నడపగలరు కదా అని ఆ రెండో టీచరుని ఎగ్గొట్టడానికి ఈ పద్ధతి వాడుకోవచ్చు. పైగా కార్డులెవరు కత్తిరిస్తారు, చిరిగినవి ఎవరు అతికిస్తారు, ముప్ఫైమంది పిల్లల మెట్లు ఎవరు నమోదు చేస్తారు? నేను మాట్లాడిన టీచర్లు ఆ పని రాత్రి వంటయ్యాక చేస్తామన్నారు. శిక్షణ గంటల్లో ఆ గంటలు లెక్కకి రావు. ఇంటిచాకిరీ లాగే ఇదీ ప్రేమతో చేసే పని కింద జమైపోతుంది.

తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ వచ్చాక పిల్లల స్థాయిల్ని కనుక్కుని గుంపులు చేయడం సర్కారు బడి పనైంది. ఇది మంచిదే. దీనితో పాటు పరిశోధక మిత్రులకి ఒక పని సూచిస్తాను. కాంప్‌బెల్ పట్టికలో కులం గడి ఉంది, ఆడా మగా గడి ఉంది. ఆ అరవైమందీ నాలుగు తరగతుల్లో ఎక్కడ కూర్చున్నారో చెప్పే గడి లేదు. నేను చూసిన బడిలో టీచరు ప్రతి కార్డు పూర్తయిన తేదీ వేస్తుంది. ఆమె అనుమతితో ఒక పాప పట్టిక చూశాను. జూలై దాకా వారానికి రెండు మూడు తేదీలున్నాయి. తర్వాత ఇరవైరోజుల ఖాళీ, తమ్ముడు పుట్టాడట. నవంబరులో మరో ఖాళీ, చెనక్కాయ పీకే రోజులు. డిసెంబరు నించి మళ్ళీ తేదీలు. ఇలాంటి పట్టికలు ఏడాది చివర చిత్తుకాగితాలతో పాటు వెళ్ళిపోతున్నాయి. మీ ఊరి బడికి వెళ్ళినప్పుడు వాటిని పారేయవద్దని అడగండి, వీలైతే పేర్లు తీసేసి నకలు తెచ్చుకోండి.